పాదు మీద సిమెంటు

పెరట్లో పెద్ద చెట్టున్న ఇంటికి చుట్టాలు రాకూడదు. వస్తే భోజనం చేసి, ఆ చెట్టు నీడలోనే కుర్చీ వేసుకుని, వక్కపొడి నములుతూ ఆ మాట అనకుండా వెళ్లరు. "చెట్టు మరీ పెద్దదైపోయింది, ఇంకా ఉంచారేం?" మొన్న మా బావగారు ఇంకో అడుగు ముందుకేసి, మా వేపచెట్టు ఆకులు రాలుస్తోందని తప్పుపట్టారు. ఆకు రాలని చెట్టు కావాలంటే ప్లాస్టిక్‌ది కొనుక్కోవాలి. బావగారు కదా, పైకి అనలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

బావగారింటి మామిడిచెట్టు ఎందుకు ఎండిందో నాకు తెలుసు. ఇల్లు బాగుచేయించినప్పుడు కారు నిలపడానికని మాను వరకూ సందులేకుండా సిమెంటు పోయించి టైల్స్ పరిపించారు. అది చాలనట్టు మాను చుట్టూ గుండ్రంగా అరుగు కట్టించి, దాన్నిండా మట్టి పోయించారు. గృహప్రవేశానికి వచ్చినవాళ్లంతా ఆ అరుగు మీద కూర్చుని ఫొటోలు దిగారు. కొన్ని వేసవులు గడిచేసరికి పై కొమ్మలు ఎండటం మొదలైంది. వాస్తు చూసే ఆయన్ని పిలిపించారు కానీ, సిమెంటు వైపు ఎవరూ చూడలేదు.

చెట్టుకు తిండి పెట్టే సన్నవేళ్లు పాతాళంలో ఉండవండీ. చాలావరకు పైనున్న రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. కొమ్మల అంచులు దాటి, పక్కింటి ప్రహరీ కిందికి కూడా పోతాయి. వాటికి నీళ్లెంత అవసరమో గాలీ అంతే అవసరం. పైన సిమెంటు బిగిస్తే రెండూ అందవు. మాను మొదట్లో మట్టి కుప్పపోస్తే ఆ తడికి బెరడు కుళ్లుతుంది. పెద్ద చెట్టుకు నీళ్లు పెట్టడం కూడా మనవాళ్లకు రాదు. మాను మొదట్లో ఒక బకెట్టు కుమ్మరించి దణ్ణం పెట్టి వెళ్లిపోతారు. కొమ్మల అంచు కింద నేలంతా నెమ్మదిగా, లోతుగా నానాలి. మండు వేసవిలో అప్పుడప్పుడూ అలా తడిపితే చాలు. రాలిన ఆకుల్ని అక్కడే పరిచేయాలి, మానుకు తగలకుండా జానెడు ఎడంగా. తన ఎరువు తనే రాల్చుకునే చెట్టు కింద ఊడ్చి, ఆ ఆకుల్ని తగలబెట్టి, నర్సరీకి వెళ్లి ఎరువు సంచి కొనుక్కొచ్చే తెలివి మనకే ఉంది.

ఇక కొమ్మలు కొట్టేవాళ్ల సంగతి. వానలు రాకముందే కరెంటు తీగలకు అడ్డమంటూ వచ్చి మా వీధి చెట్లకు తలలు తీసేసి పోతారు. ఇళ్లవాళ్లు కూడా వాళ్లనే లోపలికి పిలిచి, చేతిలో నాలుగు డబ్బులు పెట్టి, తమ చెట్టు తలా తీయించుకుంటారు. ఆ మోడు నుంచి గుబురుగా లేచే కొత్త కొమ్మలు పైపొరను పట్టుకుని ఉండేవే. పెద్ద గాలి వస్తే ముందు విరిగేవి అవే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖలో చెట్లను కూల్చాక చాలామందికి పెద్ద చెట్టంటే గుబులు పట్టుకుంది. ఆ గుబులుతో తల నరికించినవాళ్లు ప్రమాదాన్ని పెంచుకున్నారు.

అలెక్స్ షైగో అని అమెరికా అటవీ శాఖలో పనిచేసిన పరిశోధకుడు ఒకాయన, రంపం పట్టి వేల చెట్లను నిలువునా కోసి చూశాడు. ఆయన తేల్చిందేమంటే, మన ఒంటి మీద దెబ్బ మానినట్టు చెట్టు దెబ్బ మానదు. చెట్టు ఆ భాగం చుట్టూ గోడ కట్టుకుని, కుళ్లును అక్కడే ఆపే ప్రయత్నం చేసి, పైన కొత్త కలప కప్పుకుంటుంది. కొమ్మ మానుతో కలిసేచోట ఒక ఉబ్బు ఉంటుంది. దాన్ని ముట్టుకోకుండా, దానికి కాస్త బయటే కోయాలి. మొండి వదలకూడదు, మానుకు సమంగా చెక్కకూడదు. బరువైన కొమ్మకు ముందు కిందనుంచి ఒక గాటు పెట్టి, దానికి కాస్త అవతల పైనుంచి కోసి, మిగిలిన ముక్కను చివర్లో ఉబ్బు దగ్గర తీయాలి. లేదంటే కొమ్మ పడుతూ పడుతూ మాను బెరడును చీల్చుకుపోతుంది. కోసినచోట తారు పూస్తే కుళ్లు ఆగదని చెప్పిందీ ఆయనే. మా వీధిలో ఇంకా పూస్తూనే ఉన్నారు.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని చూడండి. ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే మర్రి. చెదలు పట్టి కొమ్మ విరిగితే, 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు, కొమ్మలకు దన్నులు కట్టారు. ముసలిదైంది, కొట్టేద్దామని ఎవరూ అనలేదు.

మా పెద్దమ్మ ఏ శాస్త్రమూ చదవకుండానే తన కొత్తపల్లి కొబ్బరి మామిడికి వెదురు దన్నులు పెట్టించింది. కొమ్మ మీద బదనిక కనిపిస్తే ఆవిడకు నిద్రపట్టేది కాదు. దాని కాయలు పండి పిట్టలు తినకముందే మనిషిని ఎక్కించి, అది పట్టుకున్న చోటికి దిగువనుంచి కొమ్మతో సహా తీయించేది. మాను మొదట్లో రంపపు పొట్టు రాలితే పురుగు తొలుస్తోందని పసిగట్టి, కన్నంలోకి ఇనుపచువ్వ దూర్పించి, బంకమట్టితో మూయించేది. కాయని ఏడు ఎవరైనా పెదవి విరిస్తే, "నిరుడు విరగకాసింది కదురా, ఈ ఏడు అలుపు తీర్చుకోనీ" అనేది. మామిడి ఏడు విడిచి ఏడు కాస్తుందని ఆవిడకు తెలుసు. కాసిన ఏడు ఆవకాయ చూడాలి! ముక్క టెంకెతో సహా గట్టిగా, జాడీ అడుగుకొచ్చినా పళ్లకింద కరకరలాడేది. ముక్క తుడవడానికి పాతచీరలు, ఎండలో ఆవపిండి, మొదటి రోజు కలిపిన పళ్లెంలో వేడన్నం కలిపి మా అందరికీ పెట్టే ముద్దలు. బావగారూ తిన్నారు ఆ ముద్దలు. ఇప్పుడు వాళ్లింట్లో ప్లాస్టిక్ డబ్బా ఆవకాయ, దానిమీద గడువు తేదీ.

పెద్ద చెట్టు కొట్టించాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద సాధారణంగా ముందు అనుమతి కావాలి. మీరు ఆ దరఖాస్తు రాయబోతుంటే కాస్త ఆగండి. ముందు తాపీమేస్త్రీని పిలిచి మాను చుట్టూ సిమెంటు పగలగొట్టించండి. కారు ఎండలో ఉన్నా ఏమీ కాదు.