పిల్లలమర్రికి సెలైన్ ఎక్కించినవాళ్లు

2017 డిసెంబరులో మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కొమ్మ ఒకటి విరిగిపడింది. ఏడు వందల ఏళ్లదని జనం చెప్పుకొనే చెట్టు అది. చెదలు లోపలినుంచి తొలిచేశాయి. అధికారులు సందర్శకులను ఆపేశారు.

ఆ తర్వాత అటవీశాఖ చేసిన పని తెలుగువాళ్లంతా తెలుసుకోదగ్గది. మొదట కాండానికి రంధ్రాలు చేసి మందు పోశారు. అది నిలవక బయటికి కారిపోయింది. అప్పుడు ఆస్పత్రిలో రోగికి పెట్టినట్టే, పలచన చేసిన క్లోరోపైరిఫాస్ అనే పురుగుమందును సెలైన్ సీసాల్లో నింపి, కొమ్మలకు వేలాడదీసి చుక్కచుక్కగా ఎక్కించారు. అలాంటి సీసాలు వందల్లో! బరువైన కొమ్మల కింద కాంక్రీటు స్తంభాలు నిలిపారు. ఊడలను గొట్టాల్లోంచి మట్టిదాకా దింపారు. నేలలో పాతుకున్న ఊడే రేపు కాండమై కొమ్మను మోస్తుంది మరి.

ఈ ఓపిక వీధిచెట్ల దగ్గర కనిపించదు. కరెంటు తీగలకు అడ్డమంటూ కొమ్మలను కాండానికి ఆనించి నరికేస్తారు. అమెరికా అటవీ విభాగంలో పనిచేసిన శాస్త్రవేత్త అలెక్స్ షిగో వేల చెట్లను నిలువునా కోసి చూసి ఒక సంగతి తేల్చారు. చెట్టుకు గాయం మన ఒంటి మీదలా మానదు. కుళ్లు పాకకుండా చెట్టు దాని చుట్టూ గోడ కట్టుకుంటుంది. కొమ్మ కాండాన్ని కలిసేచోట ఉబ్బెత్తుగా కనిపించే భాగం ఆ పనికి కీలకం. దాన్ని కోసేస్తే కుళ్లుకు దారి ఇచ్చినట్టే.

మీ వీధికి రంపంతో ఎవరైనా వస్తే, ఆ ఉబ్బును వదిలి దాని అంచున కోయమని చెప్పండి. పెద్ద కొమ్మయితే ముందు కింది వైపునుంచి ఒక గాటు పెట్టించండి, బెరడు చీలిపోదు.