చలిగాలికి పోయిన గొంతు

ముప్పై ఏళ్లుగా చెవి, ముక్కు, గొంతు చూస్తున్నాను. నా దగ్గరికొచ్చేవాళ్లలో అబద్ధాలు ఎక్కువగా ఆడేది చుట్ట, బీడీ తాగేవాళ్లేనని మొదట్లో అనుకునేవాణ్ణి. "రోజుకి రెండేనండీ" అంటారు. జేబులోంచి బీడీ కట్ట తొంగి చూస్తుంటుంది. అవి అమాయకపు అబద్ధాలని తర్వాత తెలిసింది. అసలైన అబద్ధాలు ఆడవాళ్ల ఎడమ చెవిలో ఉంటాయి.

ఎడమే ఎందుకంటారా? మనలో ఎక్కువమందిది కుడిచేతి వాటం. ఎదురుగా నిలబడి లాగి కొడితే ఆ చెయ్యి పడేది అవతలి మనిషి ఎడమ చెంప మీద. అరచెయ్యి చెవిని కప్పేసేలా పడిందా, లోపలి గాలికి పోయే దారి లేక కర్ణభేరి చిరుగుతుంది. చిన్నప్పటి నుంచి చీము కారే చెవిలో చిల్లు నున్నగా, పాతబడి ఉంటుంది. దెబ్బకి చిరిగినదాని అంచులు చింపిరి చింపిరిగా ఉంటాయి, పక్కన నెత్తుటి చార ఉంటుంది. లైటు వేసి చూడగానే తెలిసిపోతుంది. "ఏమైందమ్మా?" అంటే "పిన్నీసుతో గోక్కున్నానండీ" అంటారు. ఒకామె "పిల్లాడు ఆడుకుంటూ చెయ్యి విసిరాడండీ" అంది. పిల్లాడికి ఎన్నేళ్లని అడిగాను. ఎనిమిది నెలలట.

వైద్యం పెద్దగా ఏమీ ఉండదు. చెవిలో నీళ్లు పోకుండా చూసుకోవాలి, నూనెలూ చుక్కలూ పొయ్యకూడదు, ముక్కు గట్టిగా చీదకూడదు. చాలామందికి రెండు మూడు నెలల్లో దానంతటదే పూడుకుంటుంది. అది పూడుకోవడంతో ఇంట్లో ఆ మాట కూడా పూడుకుపోతుంది.

నాకు చిర్రెత్తేది ఇక్కడే. వెంట వచ్చిన తల్లో, అత్తో, ఒక్కోసారి ఆ పిల్లే అంటుంది: "ఆయనకి నేనంటే ప్రాణమండీ. ప్రేమ ఎక్కువ, అందుకే అనుమానం." షుగరు ఎక్కువై కళ్లు తిరిగాయన్నంత మామూలుగా చెబుతారీ మాట. "ఈగ వాలనివ్వడండీ దీని మీద" అని ఒక తల్లి మురిసిపోయింది, కూతురి చెవిలోంచి నెత్తురు తుడుస్తున్న దూది నా చేతిలో ఉండగానే. ప్రేమ ఎక్కువైతే కర్ణభేరి చిరుగుతుందని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదమ్మా, అంటాను. నవ్వుతారు. డాక్టరుగారు హాస్యమాడారనుకుంటారు.

ఈ ప్రేమ మాట విన్నప్పుడల్లా నాకొక సినిమా గుర్తొస్తుంది. ఎంబీబీఎస్ చదివే రోజుల్లో హాస్టల్లో వీసీఆర్ అద్దెకు తెచ్చి తెల్లవార్లూ సినిమాలు చూసేవాళ్లం. అలా చూసిందే 'పోల్టర్‌గైస్ట్'. 1982లో వచ్చిన దెయ్యాల సినిమా. టోబీ హూపర్ దర్శకుడు, స్పీల్‌బర్గ్ కథ. అందులో ఆ ఇంటి పెద్దకూతురుగా వేసిన అమ్మాయి పేరు డొమినీక్ డన్. మేం అరిచి గోల చేస్తూ చూసిన ఆ రాత్రికి, ఆమె పోయి అప్పటికే కొన్నేళ్లు. సినిమా విడుదలైన అయిదు నెలలకే పోయింది. ఆ సంగతి చాలాకాలం తర్వాత, గొంతు దెబ్బల గురించి చదువుకుంటుంటే నా కంటబడింది.

ఆమె ప్రేమించిన జాన్ స్వీనీ, లాస్ ఏంజెలిస్‌లో సినిమావాళ్లు భోంచేసే ఒక ఖరీదైన రెస్టారెంటులో పెద్ద వంటవాళ్లలో ఒకడు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లు. అతనికి ఆమె మీద విపరీతమైన అనుమానం. 1982 ఆగస్టులో జుట్టు పట్టి లాగితే కుదుళ్లతో ఊడొచ్చింది. తల్లి దగ్గరికి పారిపోయింది, మళ్లీ వెళ్లింది. సెప్టెంబరు 26న గొంతు పట్టుకుని నులిమాడు. ఆ రాత్రి బాత్రూము కిటికీలోంచి దూకి, కారెక్కి బయటపడింది.

తర్వాత కొద్దిరోజులకే 'హిల్ స్ట్రీట్ బ్లూస్' అనే టీవీ సీరియల్లో ఒక ఎపిసోడ్ షూటింగు. ఆమెది ఇంట్లో దెబ్బలు తినే ఒక పసితల్లి వేషం. కమిలిన మచ్చలు వెయ్యాలి కదా మేకప్‌వాళ్లు? వాళ్లకి ఆ పని తగ్గింది. తెర మీద కనిపించే ఆ కమిలిన చోట్లు ఆమె సొంతవే. ఎపిసోడ్ ప్రసారమయ్యే నాటికి ఆమె లేదు, ఆమె జ్ఞాపకానికి అంకితమని వేశారు. నటన ఎంత సహజంగా ఉందని ఎన్ని ఇళ్లలో అనుకుని ఉంటారో.

ఆ రాత్రి కిటికీ దూకాక మాత్రం ఆమె అతని దగ్గరికి తిరిగి వెళ్లలేదు. అతన్ని పంపేసింది, తాళాలు మార్పించింది. లోకం చెప్పే జాగ్రత్తలన్నీ తీసుకుంది. అక్టోబరు 30 సాయంత్రం 'వి' అనే సీరియల్ కోసం తోటి నటుడితో ఇంట్లో రిహార్సల్ చేసుకుంటోంది. స్వీనీ వచ్చి మాట్లాడాలన్నాడు. మాట్లాడదామనే బయటికొచ్చింది. అక్కడే, ఇంటి ముందే గొంతు నులిమాడు. ఆస్పత్రిలో స్పృహ లేకుండా అయిదు రోజులు యంత్రం మీద ఉంచి, నవంబరు 4న తీసేశారు. ఇరవై మూడో పుట్టినరోజుకి ఇంకా పంతొమ్మిది రోజులుంది.

మరుసటి ఏడు విచారణ. అతని పాత స్నేహితురాలు ఒకామె వచ్చి, తననీ ఇలాగే చావబాదేవాడని చెప్పింది. ముక్కు విరిగింది, ఊపిరితిత్తి కుంగింది, కర్ణభేరి చిరిగింది. కర్ణభేరి దగ్గర నేను చదవడం ఆపేసి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఎడమదో కుడిదో రాయలేదు. ఏ డాక్టరు చూశాడో, ఆమె ఏమని చెప్పిందో, పిన్నీసనే చెప్పిందో. ఆ సాక్ష్యం జ్యూరీ చెవిన పడకూడదని జడ్జి తీర్పిచ్చాడు. హఠాత్తుగా వచ్చిన ఆవేశంలో జరిగిపోయిందన్న వాదన నెగ్గింది. హత్య కాదన్నారు, అంతకన్నా తక్కువ నేరమన్నారు. ఆరున్నరేళ్ల శిక్ష వేస్తే మూడున్నరేళ్లకే బయటికొచ్చాడు. తండ్రి డొమినిక్ డన్ ఆ కడుపుకోత అంతా 'వానిటీ ఫెయిర్' పత్రికలో రాశాడు. ఆ తర్వాత జీవితాంతం కోర్టుల వరండాల్లోనే కూర్చుని రాశాడు. తల్లి, హతుల కుటుంబాల కోసం ఒక సంస్థ పెట్టింది.

ఆవేశమట! ఈ ఆవేశం చాలా తెలివైనది. రెస్టారెంటు యజమాని కసిరినప్పుడు రాదు, పోలీసు లాఠీ చూపిస్తే రాదు. ఇంట్లో, తలుపేశాక, తనకన్నా చిన్న మెడ దొరికినప్పుడే వస్తుంది.

మెడ సంగతి కొంచెం చెప్పాలి. గొంతు నులమడమంటే ఊపిరాడకుండా చెయ్యడమని అందరూ అనుకుంటారు. నిజానికి గాలిగొట్టం మూసెయ్యాలంటే చాలా బలం కావాలి. మెదడుకి నెత్తురు తీసుకెళ్లే కెరోటిడ్ ధమనులకి అందులో మూడోవంతు చాలు. మెదడు నుంచి నెత్తుర్ని కిందికి దించే సిరలకి అంత కూడా అక్కర్లేదు. పది పదిహేను సెకన్లలో స్పృహ తప్పుతుంది. నాలుగైదు నిమిషాలైతే ఇక మెదడు తిరిగి రాదు. గోడ గడియారం ముందు నిలబడి నాలుగు నిమిషాలు ఊరికే చూడండి, ఆవేశం ఎంతసేపుండాలో తెలుస్తుంది.

అమెరికాలో శాన్ డియేగో పోలీసుల దగ్గరికొచ్చిన ఇలాంటి 300 కేసులు తిరగేస్తే, సగానికి సగం మందికి మెడ మీద పైకి కనిపించే గుర్తే లేదు. గుర్తు లేకపోతే ఎస్సైకి కేసు కనపడదు, పెద్దమనుషులకి తగువు కనపడదు, డాక్టరుకి జబ్బు కనపడదు. కనపడేవి వేరే ఉంటాయి, వెతికితే. గొంతు బొంగురుపోతుంది, మింగితే నొప్పి, తెల్లగుడ్డులో ఎర్రటి చుక్కలు. తెలియకుండా మూత్రం పడిపోయిందని సిగ్గుపడుతూ చెబుతారు కొందరు. బట్టలు మార్చుకుని వస్తారు గనక మనకి ఆ ఆనవాలు కూడా మిగలదు. కొందరికి ధమని లోపలి పొర చీలి, అక్కడ గడ్డకట్టిన నెత్తురు రోజుల తర్వాత మెదడుకెక్కి, పాతికేళ్ల పిల్లకి పక్షవాతం వస్తుంది. అప్పుడు దిష్టి తగిలిందంటారు.

2008లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం, కట్టుకున్నవాడి చేతిలోనో ప్రేమించినవాడి చేతిలోనో దెబ్బలు తినే ఆడవాళ్లని పోల్చి చూసింది. ఒక్కసారైనా మెడ మీద చెయ్యి పడినవాళ్లు తర్వాత వాడి చేతిలోనే హతమయ్యే ప్రమాదం, మిగతావాళ్లకన్నా ఏడు రెట్లు. డొమినీక్ విషయంలో మొదటిసారికీ చివరిసారికీ మధ్య ముప్పై నాలుగు రోజులు.

మరి అనుమానం జబ్బు కాదా అంటారు. కొందరికి జబ్బే. అనుమానం పెనుభూతమని మనవాళ్లు ఊరికే అనలేదు. తాగుడు ముదిరినవాళ్లలో చూస్తాం, పార్కిన్సన్ జబ్బుకిచ్చే కొన్ని మందులతోనూ చూస్తాం. 1955లో ఇద్దరు ఇంగ్లీషు డాక్టర్లు దానికి ఒథెల్లో సిండ్రోమ్ అని పేరు పెట్టారు. షేక్‌స్పియర్ నాటకంలో అనుమానంతో భార్య డెస్డెమోనాని చంపినవాడి పేరు జబ్బుకెక్కింది. డెస్డెమోనా పేరుతో ఏ జబ్బూ లేదు, ఆమెకి వచ్చినదానికి పేరే పెట్టలేదు.

నా దగ్గరికి చెవిలో హోరని ఒకాయన వచ్చేవాడు. హోరులో భార్య ఎవరితోనో గుసగుసలాడటం వినిపిస్తోందనేసరికి, చెయ్యి పట్టుకుని మా మానసిక వైద్య మిత్రుడి దగ్గర కూర్చోబెట్టి వచ్చాను. ఆరు నెలలు మాత్రలు వేసుకున్నాడు. తాగుడు తగ్గింది, పాలవాడు వచ్చే వేళకి గుమ్మంలో కాపలా కాయడం మానేశాడు. ఇంట్లో నవ్వులు వినిపిస్తున్నాయని భార్య చెబితే నాకే కళ్లు చెమ్మగిల్లాయి. అప్పుడు వాళ్లమ్మ, "నా కొడుకు బంగారంలా అయ్యాడు, ఇంకా పిచ్చి బిళ్లలెందుకు?" అని మానిపించింది. రెండు నెలలు తిరక్కుండానే భార్య నా దగ్గరికొచ్చింది. ఏ చెవో చెప్పక్కర్లేదు. బాగయ్యాడు గనక మందులు మానేశామంటారు. అమ్మా, గొడుగు కింద తడవలేదని గొడుగు పారేస్తామా?

అయితే స్వీనీలాంటివాళ్లందరికీ ఈ జబ్బు అంటగట్టి వదిలెయ్యలేను. నేను చూసిన కుర్రాళ్లలో చాలామందికి ఏ జబ్బూ లేదు. ఫోనులో లొకేషను పెట్టించుకోవడం, పది నిమిషాలకోసారి వీడియో కాల్, ఎవరితో నవ్వావో లెక్క చెప్పమనడం. ఇదంతా ప్రేమేనని వాళ్లకి నేర్పినవాళ్లున్నారు. వెంటపడితే లొంగుతుందని మన సినిమాలు రెండున్నర గంటలు టిక్కెట్టు పెట్టి మరీ చెబుతాయి.

ఇంతసేపూ ఊరందర్నీ తిట్టాను. నా వంతు మిగిలింది.

పన్నెండేళ్ల కిందట, మాఘమాసం, పెళ్లిళ్ల రోజులు. ఊళ్లెంబడి తిరిగే ఒక ఆర్కెస్ట్రాలో పాడే పిల్ల వచ్చింది. ఇరవై దాటి ఉండవు. మెడకి స్కార్ఫు చుట్టుకుంది. గొంతు పూర్తిగా పోయింది, గుసగుస తప్ప రావడం లేదు. అదే ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే కుర్రాడు వెంట వచ్చాడు. ఒక చేతిలో వేణ్ణీళ్ల ఫ్లాస్కు, ఇంకో చేతిలో ఆ పిల్ల బ్యాగు. "రాత్రి ప్రోగ్రాం నుంచి వ్యానులో వచ్చామండీ, చలిగాలికి పోయింది" అన్నాడు. నేనడిగిన ప్రతిదానికీ అతనే జవాబు. అద్దం పెట్టి చూస్తే ఒకపక్క స్వరతంత్రి కమిలి నల్లగా ఉంది. పాటగాళ్లలో గట్టిగా అరిచి పాడినా అలా అవుతుంది. కంట్లో ఎర్రటి మచ్చ ఉంది. "దగ్గి దగ్గి వచ్చిందండీ." దగ్గినా వస్తుంది. ప్రతిదానికీ ఒక మర్యాదైన కారణం దొరికింది, బయట నలభైమంది ఉన్నారు. వాపు తగ్గడానికి మందు, ఆవిరి, చీటీ. ఆ కుర్రాడు చీటీ రెండుసార్లు శ్రద్ధగా చదువుకుని "నేను చూసుకుంటానండీ" అన్నాడు. ఇంత బాగా చూసుకునేవాడు దొరికాడు, అదృష్టవంతురాలని నేను మా సిస్టరుతో అన్నాను కూడా.

"స్కార్ఫు తియ్యలేదు సార్ ఆ అమ్మాయి" అంది సిస్టరు. అప్పటికి తర్వాతి పేషెంటు కుర్చీలో కూర్చుని నోరు తెరిచాడు.

రెండేళ్ల తర్వాత మా బంధువుల పెళ్లిలో అదే ఆర్కెస్ట్రా. కీబోర్డు దగ్గర అతనే. పాడుతున్నది వేరే అమ్మాయి. ఆర్కెస్ట్రా యజమానిని అడిగితే "ఆ పిల్ల మానేసిందండీ, వాళ్లిద్దరికీ ఏదో పడలేదు" అని సన్నాయి వాళ్లకి డబ్బులు లెక్కపెట్టడంలో పడ్డాడు. బతికుందా అని అడగడానికి నోరు రాలేదు. పెళ్లిలో అడిగే మాట కాదు కదా.

ఇప్పుడు నా గదిలో పద్ధతి మారింది. బొంగురు గొంతుతో ఆడపిల్ల వస్తే, వెంట వచ్చింది మగాడైనా, అత్తగారైనా సిస్టరు ఏదో సంతకమని కౌంటరు దగ్గరికి తీసుకుపోతుంది. స్కార్ఫు, చున్నీ, కొంగు, ఏదైనా పక్కకి తియ్యాల్సిందే. "ఎవరైనా మెడ పట్టుకున్నారా అమ్మా?" అని సూటిగా అడుగుతాను. అవునంటే స్కానింగు, మెడికో లీగల్ కేసుగా రాయడం, మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు, బాధిత మహిళలకి సాయం చేసే సఖి కేంద్రం. చాలామంది కాదనే అంటారు. కొందరు కాదని, లేచి, గుమ్మం దాకా వెళ్లి వెనక్కొస్తారు.

కిందటి నెల గదికి సున్నం వేయిస్తుంటే పాత ఓపీ పుస్తకాలు బయటపడ్డాయి. కార్బన్ కాపీలు, సగం అక్షరాలు చెరిగిపోయాయి. ఆ పిల్ల చీటీ దొరికింది. పేరు, వయసు, జబ్బు దగ్గర 'చలిగాలి' అని అతను చెప్పింది చెప్పినట్టు. కింద నా చేతిరాతలోనే, కార్బన్ కాపీలో కూడా చెరగనంత గట్టిగా నొక్కి, ఒక గీత గీసి మరీ రాశాను: ఏడు రోజులు ఎవరితోనూ మాట్లాడకూడదు.