అమ్మ గదిలో రెండు స్పీకర్లు



దావీదు రాజు యెరూషలేముకు తిరిగి వెళ్లేటప్పుడు, కష్టకాలంలో తనకు ఆహారం పంపిన బర్జిల్లయిని తనతోకూడ రమ్మని పిలిచాడు. అప్పటికి ఆయనకు 80 ఏళ్లు. పాటలు పాడేవారి స్వరం ఇక నా చెవికి ఏం వినబడుతుందని ఆ పెద్దాయన రాజుతో చెప్పుకున్నాడు (2 సమూయేలు 19వ అధ్యాయం). వృద్ధులున్న ఇళ్లలో ఈ మాట కొత్తదేమీ కాదు. పెద్దలకు చూపు తగ్గితే మనం జాలిపడతాము. వినికిడి తగ్గితే మాత్రం విసుక్కుంటాము.

మా అమ్మకు 79 ఏళ్లు. తుంటి ఎముక విరిగినప్పటినుండి మందిరానికి రాలేదు. మా సంఘ యౌవనస్థులు ఆదివారం ఆరాధనను సెల్‌ఫోనులో తీసి యూట్యూబులో పెడతారు. గదిలోని టీవీలో ఆమె అదే చూస్తుంది. సౌండు 38 దాటితేగాని ఆమెకు ఆనదు. పక్కగదిలో పదో తరగతి పిల్లవాడు చెవుల్లో దూది పెట్టుకుని చదివేవాడు. "అత్తయ్యా, కాస్త తగ్గించుకోండి" అని నా భార్య మర్యాదగానే అనేది. అమ్మ తగ్గించేది కాదు, పూర్తిగా కట్టేసి గోడవైపు తిరిగి పడుకునేది. ఆ తర్వాత కుటుంబ ప్రార్థనలో కూడా ఆమె నోటినుండి ఒక్క మాట వచ్చేది కాదు.

ముందు చెవి డాక్టరుకు చూపించాము. గుబిలి తీసి, చెవి మిషను రాశారు. అది మంచిదే. కాని ఆమె ఎక్కువసేపు పడుకునే ఉంటుంది. మిషను దిండుకు తగిలి ఈలవేస్తుంది, తీసి పక్కన పెట్టేస్తుంది. డాక్టరుగారు ఒక సంగతి చెప్పారు. వయస్సుతో ముందుగా పోయేది సన్నని ధ్వనులు. క, త, ప, స వంటి అక్షరాలను వేరుచేసేవి అవే. "పాలు తాగుతావా అమ్మా?" అంటే "కాలు నొప్పిగానే ఉందిరా" అనడం అందుకే. మాట వినబడుతుంది, ఏ మాటో తెలియదు.

దానికి తోడు ఇప్పటి టీవీలు పలుచన. వాటి చిన్న స్పీకర్లు చాలావాటిలో కిందికో వెనుక గోడవైపుకో తిరిగి ఉంటాయి. మాట గోడకు తగిలి మనిషి దగ్గరకు వస్తుంది. అందుకని విడిగా ఒక జత స్పీకర్లు కొందామని పట్నం వెళ్లాను.

దుకాణంలోని అబ్బాయి ఒక డప్పు పాట పెట్టి "బేసు చూడండి సార్" అన్నాడు. అద్దాలు అదిరాయి. ఆ గుంభనమే అమ్మకు శత్రువు. లావు శబ్దం సన్నని అక్షరాలను మింగేస్తుంది. నేను పెన్‌డ్రైవులో తీసుకువెళ్లిన మా అయ్యగారి ప్రసంగం పెట్టమన్నాను. సౌండు బాగా తగ్గించి, ఏ జతలో ప్రతి మాటా విడివిడిగా తెలుస్తుందో విన్నాను. పెద్ద బేసు పెట్టెతో వచ్చినవి పక్కకు పోయాయి. అట్టపెట్టెమీద వేల వాట్లని వేసే పి.ఎం.పి.ఓ. లెక్కను నమ్మనక్కరలేదు, ఆర్.ఎం.ఎస్. అనేదే చూడాలి. పడకగదికి అది స్పీకరుకు 10 వాట్లున్నా చాలు. ఆంప్లిఫయరు లోపలే ఉన్న జత తీసుకుంటే మరో పెట్టె కొనే పని లేదు. బ్లూటూతు వద్దని వైరుతో కలిపేవే తెచ్చాను. బ్లూటూతులో ఒక్కోసారి పెదవి ముందు కదిలి మాట వెనుక వస్తుంది. వినికిడి తగ్గినవారు పెదవులు చూసే సగం గ్రహిస్తారు కదా! టీవీకి ఏ రంధ్రం ఉందో, హెడ్‌ఫోను పిన్ను పడుతుందో లేదో ఇంటిదగ్గరే చూసుకుని వెళ్లడం మంచిది.

రెండు స్పీకర్లూ టీవీకి చెరొక పక్కన పెట్టి, వాటి మధ్య ఎంత దూరమో అంత దూరంలో ఎదురుగా కూర్చుని వినమంటారు. పాటకు అది సరైనదే. మా అమ్మ ఒక చెవి దిండులో పెట్టి పక్కకు తిరిగి వింటుంది! అందుకని వాటిని రెండు ఎత్తుపీటలమీద మంచానికి చెరొకవైపు, నాలుగడుగుల దూరంలో, దిండు ఎత్తున, ఆమె ముఖంవైపు తిప్పి పెట్టాను. గోడమూలకు నెట్టలేదు, మూలలో బేసు ఉబ్బుతుంది. టీవీ సెట్టింగులో మోనో కూడా పెట్టాను. ఏ చెవి పైన ఉన్నా మొత్తం మాట అందుతుంది.

ఇంకొకటి. చివరి బల్లమీదనుండి ఫోనులో తీసిన ప్రసంగంలోని ప్రతిధ్వనిని ఏ స్పీకరూ బాగుచేయలేదు. మా యౌవనస్థులు ఇప్పుడు మిక్సరునుండి నేరుగా వైరు లాగుతున్నారు. ఇళ్లలో మంచంపట్టిన పెద్దలున్న సంఘాలు దీన్ని ఆలోచించాలి.

అమ్మ గదిలో సౌండు ఇప్పుడు 14 మీద ఉంది. తలుపు తెరిచే ఉంచుతుంది. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక నా భార్యను పిలిచి, "అయ్యగారు ఈవేళ రెండో కీర్తనలో ఒక చరణం వదిలేశారమ్మా, నువ్వు చూశావా?" అని అడిగింది. మేమందరం మందిరంలోనే ఉన్నాము. ఒక్కరమూ గమనించలేదు.