తలంటి పోసే కొండ

కుంకుడుకాయ రసం కళ్ళల్లో పడి, మంట తగ్గడానికి నోట్లో ఉప్పుబెడ్డ వేసుకుని ఏడ్చిన జ్ఞాపకం మనలో చాలామందికి వున్నదే. మొరాకో దేశంలో తలంటి తీరు వేరు. అక్కడ తలకు పట్టించేది కాయల రసం కాదు, మట్టి!

ఆ మట్టి పేరు గాసూల్. కడగడమనే అర్థంగల అరబ్బీ మాటనుంచి వచ్చిన పేరిది. అది దొరికే కొండనుకూడా జెబెల్ గాసూల్ అంటారు. జెబెల్ అంటే కొండ. మధ్య అట్లాస్, ఉన్నత అట్లాస్ పర్వతపంక్తుల నడుమ, ములూయా నది లోయలో, మిసూర్ పట్టణం వైపున వున్నది. సముద్రంమీదినుంచి వచ్చే మబ్బులను పర్వతాలు ముందే అడ్డగిస్తాయి. అందుచేత మన అనంతపురంలో పడే వానలో సగమైనా ఇక్కడ పడదు. ఎటు చూసినా ఎడారి పోలికే.

విచిత్రమేమంటే, ఈ ఎండిన నేలకు ఆ మట్టిని ఇచ్చినది నీరే. మనుష్యజాతి పుట్టకముందు ఇక్కడొక సరస్సు వుండేది. చుట్టుపట్ల కొండరాళ్ళలోని మెగ్నీషియం కరిగి, వాగులవెంట అందులో చేరింది. ఎండకు నీరు ఇగిరినకొద్దీ మెగ్నీషియం, సిలికా కలిసి అడుగున బంకమట్టిగా పేరుకున్నాయి. ఆ ఖనిజాన్ని శాస్త్రజ్ఞులు స్టీవెన్సైట్ అంటారు. అందులో కంటికి కనిపించనంత సన్నని రేకులు, పుస్తకంలో కాగితాలవలె, ఒకదానిమీదొకటి వుంటాయి. వాటి మధ్యకు నీరు చేరితే మట్టి వుబ్బుతుంది, జిడ్డును పట్టేస్తుంది. నురగ మాత్రం రాదు.

తరువాతి కాలంలో ఆ మట్టిని వేరే రాతిపొరలు కప్పేశాయి. అందుకని గనివాళ్ళు సొరంగాలు తవ్వి, ఆ చీకటిలోనుంచి గడ్డలు బయటికి తెస్తారు. నీళ్ళలో నానబెట్టి, మలినం తీసి, ఆరుబయట ఎండబెడతారు. ఎండిన మట్టి పెంకులు పెంకులుగా విరుగుతుంది. ఇల్లాళ్ళు ఆ పెంకులను నానవేసి, మెత్తగా కలిపి, హమామ్ అనే ఆవిరి స్నానశాలకు పట్టుకువెడతారు. పెళ్ళికూతురికిచ్చే కానుకలలోనూ గాసూల్ పెట్టడం అక్కడి ఆచారం.

ఇప్పుడీ మట్టి పొట్లాలకెక్కి, ఐరోపా అంగళ్ళలో సౌందర్యసాధనంగా అమ్ముడవుతున్నది. గిరాకీ పెరిగితే గనివాడికి పని దొరుకుతుంది, సంతోషమే. కాని కుంకుడుచెట్టు ఏటేటా కాస్తుంది. ఇగిరిపోయిన సరస్సు మళ్ళీ నిండి మట్టిని పేర్చబోదు. తవ్విన గడ్డ తవ్వినంతా కొండకు తరుగే!