పడితే ఎవరు కడతారు?

రెండు నెలలుగా ఇక్కడ ఏమీ రాయలేదు. కారణం ఒక బండి. మా అమ్మమ్మకి బండి అంటే రెండు చక్రాలదే, కాబట్టి ఈ రోజు నేనూ మోటార్‌సైకిల్‌ని బండి అనే రాస్తాను. కొంచెం పొడుగు పోస్టు ఇది. తప్పులుంటే ఎప్పటిలాగే చెప్పండి, దిద్దుకుంటాను.

నాకు 22 ఏళ్ళు. ఐసెలిన్‌లో అమ్మ, నాన్న, తమ్ముడితో ఉంటాను. ఫిబ్రవరిలో తెనాలి నుంచి అమ్మమ్మ వచ్చింది. నా ఉద్యోగం న్యూ బ్రన్స్‌విక్‌లో. మెట్రోపార్క్ నుంచి రైలు ఉంది కానీ, దిగాక నేను పని చేసే చోటు చాలా దూరం. రూట్ 27 మీద బండి మీద వెళ్తే సుఖం. ఇవన్నీ అమ్మకి చెప్పిన కారణాలు. మీకు మాత్రం నిజం చెప్తాను. నాకు బండి నడపాలని ఉంది, అంతే.

అమ్మకి ఇష్టం లేదు. మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, నేను పుట్టక ముందు చేతక్ స్కూటర్ మీద వెళ్తుంటే లారీ తగిలింది. లారీ ఆగలేదు. ఆయనకి ఇప్పటికీ ఎడమ కాలు సరిగా వంగదు. మా ఇంట్లో ఈ విషయం ఎవరూ ఎక్కువ మాట్లాడరు. నాకు తెలిసింది ఇంతే, మొన్నటి దాకా.

సరే, ఏప్రిల్‌లో రెండు రోజుల రైడర్ కోర్సు చేశాను. ఖాళీ పార్కింగ్ లాట్‌లో చిన్న బండ్లు ఇచ్చి నేర్పిస్తారు. క్లచ్ ఎలా వదలాలి, మలుపులో ఎటు చూడాలి, ఉన్నట్టుండి ఎలా ఆపాలి. కోర్సు పాసైతే న్యూజెర్సీలో మోటార్ వెహికల్ కమిషన్ దగ్గర మళ్ళీ రోడ్ టెస్ట్ అక్కర్లేదు. ఇన్సూరెన్స్ కంపెనీలు చాలా వరకు ఈ కోర్సుకి డిస్కౌంట్ కూడా ఇస్తాయి. నేను చాలా ధీమాగా ఉన్నాను.

తరువాత బీమా రేటు అడిగాను. ధీమా పోయింది.

(మొదట నేను ఈ మాటని 'భీమా' అని రాశాను, భీముడిలో భీ అనుకొని. అమ్మమ్మ చూసి పగలబడి నవ్వింది. 'బీమా'కి వత్తు లేదు. ధీమాకి ఉంది.)

నేను చూసిన మొదటి బండి 600 సీసీ స్పోర్ట్ బైక్, సెకండ్ హ్యాండ్. దానికి ఏడాదికి అడిగిన ప్రీమియం, బండి కొనడానికి నేను దాచుకున్న డబ్బులో సగం కంటే ఎక్కువ. ఓక్ ట్రీ రోడ్డులో చీరల షాపు పైన ఒక ఏజెంట్ ఉన్నారు. నాన్న కార్ల ఇన్సూరెన్స్ ఆయనే చూస్తారు. ఆయన దగ్గరికి వెళ్ళి, "నేను ఒక్క యాక్సిడెంట్ కూడా చెయ్యలేదు కదా, నాకెందుకు ఇంత?" అని అడిగాను. ఆయన నవ్వారు. కంపెనీ నన్ను చూడదట, నాలాంటి వాళ్ళందరి లెక్క చూస్తుందట. వయసు తక్కువ, బండి కొత్త, ఎంచుకున్నది స్పోర్ట్ బైక్. మూడూ కలిస్తే రేటు ఆకాశంలో ఉంటుందన్నారు.

ఆ వారం హైదరాబాద్ నుంచి బాబాయి ఫోన్ చేశాడు. రేటు విని నమ్మలేదు. అక్కడ థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్ నుంచి ఉన్న రేటు ప్రకారం 75 నుంచి 150 సీసీ దాకా ఏడాదికి 714 రూపాయలు, ఆ పైన 350 సీసీ దాకా 1,366 రూపాయలు, పన్ను వేరే. ఇంజన్ ఎంతో చూస్తారు కానీ, నడిపే మనిషి వయసు 22 అయినా 52 అయినా ఆ రేటు ఒకటే. "ఎందుకమ్మా ఈ గొడవ, మీ నాన్న పేరు మీద తీసేసుకో" అన్నాడు బాబాయి. ఇండియాలో చాలా ఇళ్ళలో బండి నాన్నది, నడిపేది పిల్లలు. ఆయన చెప్పింది అక్కడి అలవాటు.

ఏజెంట్‌ని అడిగితే వెంటనే వద్దన్నారు. రోజూ నడిపేది నేను, కాగితాల్లో ఉండేది నాన్న. రేపు ఏదైనా జరిగితే కంపెనీ అబద్ధం చెప్పారని క్లెయిమ్ కొట్టెయ్యవచ్చు. అప్పుడు కట్టిన డబ్బూ పోతుంది, నాన్న పాలసీకీ ముప్పు. ఇది మీలో చాలామందికి పనికొచ్చే విషయం అని రాస్తున్నాను, ఎందుకంటే మన ఇళ్ళల్లో ఈ సలహా ఎవరో ఒకరు తప్పకుండా ఇస్తారు.

ఇప్పుడు అసలు కథ.

ఒక సాయంత్రం అమ్మమ్మ గోరుచిక్కుళ్ళు వలుస్తూ, "ఏమే తల్లీ, ఆ బీమా సంగతి ఏమైంది?" అంది. అమ్మమ్మకి నా బండి గురించి భయం లేదు. తెనాలిలో వాళ్ళ వీధి ఆడపిల్లలందరూ స్కూటీల మీదే కాలేజీకి వెళ్తారట. అందుకే నాకు అమ్మమ్మతో మాట్లాడటం తేలిక. కానీ అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు. నేను 'లయబిలిటీ' అన్న మాటని తెలుగులో చెప్పాలి. చిన్నప్పటి నుంచి అమ్మ తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పిన పిల్లని నేను. ఫోన్‌లో వెతికితే 'బాధ్యత' అని వచ్చింది. 'నాకు బాధ్యత బీమా ఉంది' అంటే అమ్మమ్మకి అర్థం కాలేదు.

చేతులతో చూపిస్తూ చెప్పాను. "నేను ఎవరినైనా గుద్దితే, వాళ్ళకి దెబ్బలు తగిలితే, కంపెనీ వాళ్ళకి డబ్బు ఇస్తుంది."

"ఓహో, పూచీ పడటమా!" అంది అమ్మమ్మ.

పూచీ. ఎంత బాగుంది ఈ మాట! ఒకరి తరఫున నేను జవాబుదారీ అని ఒప్పుకోవడం. బ్యాంకులో అప్పు తీసుకుంటే ఇంకొకరు పూచీ పడతారట. ఇక నాకు హుషారు వచ్చింది. న్యూజెర్సీలో తప్పనిసరి పూచీ 2026 జనవరి 1 నుంచి పెరిగింది. ఒక మనిషికి గాయాలైతే 35 వేల డాలర్లు, ఒక ప్రమాదంలో అందరికీ కలిపి 70 వేలు, ఇతరుల వస్తువులకి 25 వేలు. అంతకు ముందు 25, 50, 25 ఉండేది. ఇదంతా తెలుగులో చెప్పాను. నా మీద నాకే గర్వం.

అమ్మమ్మ గోరుచిక్కుడు కాయ పక్కన పెట్టింది. "అదంతా ఎదుటివాళ్ళకి. నువ్వు పడితే ఎవరు కడతారే?"

నేను నోరు తెరిచాను. జవాబు లేదు.

నిజంగా నాకు తెలియదు. 'ఫుల్ కవరేజ్' అన్న మాట విని అందులో నేను కూడా ఉన్నాననుకున్నాను. ఇంగ్లీషులో చదివినప్పుడు ఆ మాట ఎంత నునుపుగా ఉందంటే, దాని మీద నుంచి జారిపోయాను. తెలుగులో చెప్పాలంటే మాత్రం ఎవరు ఎవరికి ఎందుకు కడతారో చెప్పకుండా వాక్యం పూర్తి కాలేదు.

అప్పుడు అమ్మమ్మ మావయ్య సంగతి చెప్పింది. గుంటూరు ఆసుపత్రిలో 19 రోజులు ఉన్నాడట. కాలికి కట్టు కట్టారు, మళ్ళీ విప్పి రాడ్డు వేశారు. బిల్లు కట్టడానికి కాలువ పక్కన ఉన్న అర ఎకరం అమ్మేశారు. అది అమ్మ పెళ్ళికి అని ఉంచిన పొలం. అమ్మ ఈ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు. అమ్మ 'వద్దు' అన్నప్పుడల్లా నేను దాన్ని భయం అనుకున్నాను. అందులో ఒక లెక్క కూడా ఉంది.

మర్నాడు ఏజెంట్‌కి ఫోన్ చేసి అమ్మమ్మ ప్రశ్నని ఇంగ్లీషులో అడిగాను. జవాబు విని కూర్చుండిపోయాను. న్యూజెర్సీలో కారులో ఉండి దెబ్బలు తగిలితే తప్పు ఎవరిదైనా మన కారు పాలసీలో ఉన్న 'పిప్' వైద్యం ఖర్చు ఇస్తుంది. మోటార్‌సైకిల్ నడిపేవాళ్ళకి అది లేదు. చట్టంలో బండి 'ఆటోమొబైల్' కిందకి రాదు. నాన్న కారు పాలసీలో ఉన్న పిప్ కూడా నేను బండి మీద ఉంటే పనికిరాదు. నేను పడితే మొదట దిక్కు నా హెల్త్ ఇన్సూరెన్స్.

నాకు 26 వచ్చేదాకా అమ్మ ఆఫీసు హెల్త్ ప్లాన్‌లో ఉండవచ్చు. ఆ ప్లాన్ వాళ్ళకి ఫోన్ చేసి, బండి ప్రమాదం కూడా కవర్ అవుతుందా, మా చేతి నుంచి ఎంత కట్టాలి అని అడిగాను. అవుతుంది, డిడక్టబుల్ మాది. ఆ డిడక్టబుల్ ఎంతో అంత డబ్బు విడిగా బ్యాంకులో పెట్టాను. అందుకే ఇంకా రెండు నెలలు పట్టింది.

తరువాత పనులు చకచకా అయ్యాయి. 600 సీసీ వదిలేశాను. 300 సీసీ క్రూజర్, సెకండ్ హ్యాండ్, ఏబీఎస్ ఉన్నది చూశాను. పూచీ చట్టం అడిగినంత కాదు, ఒక మనిషికి లక్ష, అందరికీ కలిపి మూడు లక్షలు పెట్టాను. ఇన్సూరెన్స్ లేనివాడు, లేదా చాలినంత లేనివాడు నన్ను గుద్దితే వచ్చే కవరేజ్ కూడా అంతే పెట్టాను. దాన్ని మన పూచీ కంటే ఎక్కువ పెట్టుకోనివ్వరు, కాబట్టి పూచీ పెంచితేనే ఇదీ పెరుగుతుంది. ఆగకుండా పోయిన ఆ లారీ గురించే ఆలోచించాను. బండి పాతది కాబట్టి దాని రిపేరుకి వచ్చే కొలిజన్ తీసేశాను. కోర్సు డిస్కౌంట్, నాన్న కార్లు ఉన్న కంపెనీలోనే తీసుకున్నందుకు డిస్కౌంట్, ఏడాది డబ్బు ఒకేసారి కట్టినందుకు డిస్కౌంట్. ఇన్ని పెంచినా, మొదట 600 సీసీకి చెప్పిన దాంట్లో మూడో వంతు కంటే తక్కువే అయింది. బండి మారడం వల్లే ఎక్కువ తగ్గింది, మిగతావి చిల్లర.

కాగితాలన్నీ అమ్మ ముందు పెట్టి, ఒక్కొక్కటీ తెలుగులో చెప్పాను. మధ్యలో రెండు సార్లు ఆగిపోతే అమ్మమ్మ మాట అందించింది. అమ్మ గంట సేపు విన్నది. 'సరే' అనలేదు. "అర ఎకరం సంగతి నీకెవరు చెప్పారు?" అని అడిగింది. అమ్మమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చివరికి అమ్మ అంది, "హెల్మెట్ నేను కొంటాను. అది మాత్రం సెకండ్ హ్యాండ్ వద్దు."

వచ్చే శనివారం గుడిలో వాహన పూజ. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేది నేనే, నడిపేదీ నేనే. అమ్మ వస్తానని చెప్పలేదు, కానీ ఆ రోజు సెలవు పెట్టింది.

ఈసారి నేర్చుకున్న మాటలు:

పూచీ పడటం: ఒకరి తరఫున జవాబుదారీ అని ఒప్పుకోవడం. ఉదాహరణ: నాన్న నాకు పూచీ పడ్డాడు.

పడు: బండి మీద నుంచి పడతాం, భయపడతాం, పూచీ పడతాం. ఒకే క్రియ.

కట్టు: ప్రీమియం కడతాం, ఇల్లు కడతాం, చీర కడతాం. దెబ్బ తగిలితే కట్టు కడతారు.

ధీమా: ధైర్యంగా, నిశ్చింతగా ఉండటం. వత్తు మర్చిపోకండి.

మీ ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో కూర్చోబెట్టి మీ ఇన్సూరెన్స్ ఒకటి తెలుగులో చెప్పి చూడండి. ఎక్కడ ఆగిపోయారో నాకు రాయండి. ఉంటాను.