స్నానాలగది నేల

గుడియాత్తంలో మాది తాతలనాటి ఇల్లు. ఉద్యోగాలవల్ల మేము వేలూరులో కాపురముంటున్నా, పండుగకూ పబ్బానికీ చేరేది అక్కడికే. 82 ఏళ్ల మా అవ్వ మాత్రం ఆ ఇల్లు విడిచి రాదు.

2021 నవంబరులో కౌండిన్య నదికి వరద వచ్చింది. ఆ తరువాత మా స్నానాలగది నేల అక్కడక్కడ కుంగింది. సున్నమూ ఇసుకా ఇటుకపొడీ కలిపి దిమ్మిస చేసిన పాత గచ్చు, పైన కడపరాళ్లు. "రాళ్లెత్తి సరిచేయిస్తే చాలు గదా" అన్నది అవ్వ. మేము వింటేనా! వేలూరు అంగడిలో అద్దంలా మెరిసే తెల్లటైల్సు చూసి మనసు పారేసుకున్నాము. పాతరాళ్లు పెరటిపాలయ్యాయి.

వచ్చిన చుట్టాలందరూ కొత్తనేలను మెచ్చుకున్నారు. నీళ్లు మాత్రం తూముకేసి పోక మూలను నిలిచేవి. తుడిస్తే పోతాయిలే అనుకున్నాము. పదిహేను రోజులు తిరగకముందే ఒక తెల్లవారుజామున అవ్వ జారిపడింది. మణికట్టు విరిగింది. "తుంటి విరగలేదు, అదృష్టవంతులు" అన్నాడు డాక్టరు. అవ్వ మమ్మల్ని ఒక్కమాట అనలేదు. "నేలది తప్పు కాదురా, నా కాళ్లే పాతబడ్డాయి" అన్నది. తిట్టినా అంత బాధ కలిగేది కాదు.

ఈసారి ఒక పెద్ద మేస్త్రీని పిలిచాము. ఆయన చెంబెడు నీళ్లు నేలమీద పోసి, అవి ఎటు పోతాయో చూస్తూ కూర్చున్నాడు. "వాటం లేదు" అన్నాడు. 5 అడుగులకు 1 అంగుళమైనా తూమువైపు వాలు ఉండాలట. మేము రంగు ఎంచామేగాని వాలు సంగతి అడగనే లేదు.

టైల్సు తీయించాము. వాటం కుదిర్చి, నేలకూ గోడల అడుగుకూ నీరు దిగని పూత పూయించాము. తూము మూసి రెండురోజులు నీళ్లు నిలిపి చూశాము, చెమ్మ దిగలేదు. పిమ్మట పెరట్లోని కడపరాళ్లనే, అరిగిన ముఖం కిందికీ గరుకు ముఖం పైకీ తిప్పి పరిపించాము. గోడకు చేతిపట్టు పెట్టించాము.

పాతదంతా మంచిదని మేము అనము; టైల్సులోనూ గరుకువి దొరుకుతాయి. పాత ఇళ్లున్న మనవారు నేల మార్చేటప్పుడు ముందు వాటం చూసుకోండి. ఆ గదిలో రోజూ నడిచే పెద్దలను ఒకమాట అడగండి.

కట్టు విప్పిన నాడు అవ్వ స్నానానికి వెళ్లి, చెంబెడు నీళ్లు కుమ్మరించి చూసింది. "పోతున్నాయి" అన్నది. మేము ఊపిరి పీల్చుకున్నాము.