టీచరమ్మ అటు తిరిగినా...

పల్లెటూరి ప్రాథమిక పాఠశాల. ఒక గది, ముందు ఒక వరండా. గదిలో మూడు, నాలుగు, అయిదు తరగతులు. వరండాలో ఒకటి, రెండు. అన్నిటికీ కలిపి టీచరు ఒక్కరే. ఆమె అయిదో తరగతికి భిన్నాలు మొదలుపెట్టగానే వరండాలో ఒకడు పక్కవాడి పలక లాక్కుంటాడు. అటు వెళ్లి సర్దిచెప్పి వచ్చేసరికి ఇటు భిన్నాలు గాలికి పోతాయి. ఇలాంటి బళ్లు ఎక్కడో ఒకటీ అరా ఉంటాయనుకుంటే పొరపాటే. 2024-25 విద్యా సంవత్సరానికి కేంద్ర ప్రభుత్వం వేసిన లెక్కల్లో ఏకోపాధ్యాయ పాఠశాలలు దేశం మొత్తం మీద లక్షకు పైనే తేలాయి. అన్ని రాష్ట్రాల కన్నా ఎక్కువ ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే.

ఆ టీచరు చేతిలో ఇప్పుడు స్మార్ట్‌ఫోన్ ఉంది. పొద్దున్నే హాజరు, మధ్యాహ్నం భోజనాల లెక్క, మధ్యలో పైవాళ్లు అడిగే నానా వివరాలు... ఫోన్ ఎక్కువగా వీటికే అంకితం. కాస్త తీరిక దొరికి 'ప్రాథమిక తరగతులకు బోధన సామగ్రి' అని వెతికిందా, ఇక చూడండి! ఆటలు, పాటలు, వర్క్‌షీట్లు, వీడియోలు, రంగురంగుల చార్టులు. సముద్రమే. అందులో సరుకుకి కొదవ లేదు. కొదవంతా ఏరుకునే తీరికకే.

పైగా అందులో చాలా భాగం ఎవరి కోసం తయారైంది? ఒక తరగతి, ఒక టీచరు, నలభై నిమిషాల పీరియడు, గోడకి ప్రొజెక్టరు ఉన్న బడి కోసం. అయిదు తరగతుల టీచరమ్మకి అందులో సగం పనికిరాదు. అందుకే ఆమె దగ్గర ఒక చిన్న పరీక్ష ఉండాలి. 'నేను అటు తిరిగాక కూడా పిల్లలు దీన్ని సొంతంగా సాగించగలరా?' సాగించగలిగితే దించుకోవచ్చు. లేదంటే ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టాల్సిందే.

ఈ పరీక్ష పెడితే గొప్ప గొప్పవి కూడా తప్పుతాయి. 2017లో ఉపాధ్యాయ దినోత్సవం నాడు మొదలైన 'దీక్ష' వేదికనే తీసుకోండి. పాఠ్యపుస్తకంలో ఉన్న క్యూఆర్ కోడ్‌ని ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియో వస్తుంది. బాగానే ఉంది. కానీ ముప్ఫయి మంది పిల్లలకి ఒక్క ఫోన్. ముందు వరసలో నలుగురికే బొమ్మ కనిపిస్తుంది, మిగతావాళ్లకి ఆ నలుగురి తలలు కనిపిస్తాయి. దాన్ని ముందు రోజు రాత్రి ఇంట్లో టీచరు చూసుకుంటేనే లాభం. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం 2002 నుంచి తయారుచేస్తున్న 'ఫెట్' నమూనాలు మరో రకం. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ మొదలుపెట్టిన పని అది. తెరమీద రొట్టెను ముక్కలుచేసి భిన్నాలు పేర్చుకునే లాంటి నమూనాలు అందులో ఉన్నాయి. కొన్ని తెలుగులోనూ దొరుకుతాయి. ఒకసారి దించుకుంటే తర్వాత నెట్ అక్కర్లేదు. బడికి స్మార్ట్ టీవీ వచ్చి ఉంటే పెద్ద తరగతి పిల్లల్ని దాని ముందు కూర్చోబెట్టి కాసేపు వదిలేయొచ్చు. టీవీ లేని చోట అది కూడా ముచ్చటే.

అసలు టీచరు అటు తిరగడం ఎందుకు? ఎందుకంటే అటు పక్కన చదవడం రాని పిల్లలున్నారు. 2005లో మొదలైన 'అసర్' సర్వే వాళ్లు పల్లెల్లో ఇళ్లకు వెళ్లి పిల్లల చేత చదివిస్తారు. 2022లో దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 42.8 శాతమే. మిగతావాళ్లు అలాగే హైస్కూలు మెట్లెక్కుతారు. అక్కడ సాంఘికశాస్త్రం సారుకి గుణింతాలు నేర్పే వ్యవధి ఎక్కడిది?

ఈ సర్వేకి వాడే కాగితం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, తెలుగులో కూడా. అక్షరాలు, చిన్న మాటలు, ఒక పేరా, ఒక చిన్న కథ... అంతే. ఒక్కో పిల్లాడితో అయిదు నిమిషాలు కూర్చుంటే వాడు ఏ మెట్టు మీద ఉన్నాడో తెలిసిపోతుంది. నెట్‌లో ఉన్న మొత్తం సరుకులో టీచరు మొట్టమొదట దించుకోవాల్సింది ఇదే. రంగులు లేవు, బొమ్మలు లేవు. కానీ మూడో తరగతిలో ముందు బెంచీ మీద కూర్చుని పాఠమంతా గడగడా అప్పచెప్పే పిల్ల నిజానికి చదవడం లేదని, విని కంఠతా పట్టిందని బయటపెట్టేది ఈ కాగితమే.

తర్వాత చేయాల్సింది కూడా తెలిసిన సంగతే. రోజుకి గంటా రెండు గంటలు తరగతుల గోడలు చెరిపేసి, చదువు వచ్చిన మేరకు పిల్లల్ని గుంపులు చేయడం. ప్రథమ్ సంస్థ ఏళ్లతరబడి ఇదే చేసింది. 2019లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్నవారిలో ఇద్దరు, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ఆ పద్ధతిని పరీక్షించి ఫలితం ఉందని తేల్చారు. తెలంగాణలో 2022 ఆగస్టు 15న మొదలైన 'తొలిమెట్టు' కూడా చదవడం, లెక్కలు అనే పునాది మీదే దృష్టి పెట్టింది. అంతా సరే. అక్షరాల గుంపు దగ్గర టీచరు గంటసేపు కూర్చుంటే, మిగతా ఇరవై మంది ఆ గంటసేపు ఏం చేస్తారు? ఏ శిక్షణ తరగతిలోనైనా అందరికంటే వెనక కూర్చున్న టీచరు అడిగే ప్రశ్న ఇదే.

చింతగింజలతో మొదలుపెట్టొచ్చు. ఇద్దరు పిల్లలు, మధ్యలో పన్నెండు గింజలు. ఒకడు కొన్ని గుప్పిట్లో దాచి మిగతావి నేలమీద పెడతాడు. 'ఎన్ని దాచానో చెప్పుకో' అంటాడు. నేలమీద ఏడున్నాయి, మరి గుప్పిట్లో? రెండోవాడు చెప్పగానే గుప్పిట తెరుస్తాడు. తప్పో ఒప్పో గింజలే చెబుతాయి. టీచరు వచ్చి దిద్దక్కర్లేదు. ఈ చివరి మాటే ముఖ్యం. తనంతట తాను సరిచూసుకునే వీలున్న ఆటే టీచరు లేకుండా సాగుతుంది. వర్క్‌షీటు సాగదు. ఇరవై వర్క్‌షీట్లు ఇచ్చారంటే సాయంత్రం ఇరవై వర్క్‌షీట్లు దిద్దాలన్నమాటే!

కాస్త పెద్దపిల్లలకి అగ్గిపుల్లలు. దీని వెనక అరవింద్ గుప్తా ఉన్నారు. 1975లో కాన్పూర్ ఐఐటీ నుంచి ఇంజనీరై బయటికొచ్చిన ఆయన పుణెలో ఉద్యోగం చేస్తూ, 1978లో సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ సైన్సు బోధన కార్యక్రమంలో పనిచేయడానికి వెళ్లారు. అక్కడి సంతలో దొరికే చవక వస్తువులతోనే సైన్సు చెప్పాలన్న పట్టుదలలో పుట్టింది ఈ అగ్గిపుల్లల ఆట. 2018లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. చెత్తతో చేసే బొమ్మల వీడియోలు, పిల్లల పుస్తకాలు వేలల్లో ఆయన వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. తెలుగువీ ఉన్నాయి.

కావాల్సింది సైకిల్ షాపులో దొరికే వాల్వ్ ట్యూబు, ఒక అగ్గిపెట్టె. మందు గీకేసిన పుల్లలు పిల్లల చేతికివ్వాలి. ట్యూబుని చిన్న ముక్కలుగా కోసి, ముక్కకి రెండు వైపులా పుల్లలు దూరిస్తే అతుకు తయారు. మూడు పుల్లలతో త్రిభుజం. నాలుగింటితో చతురస్రం. వేలితో నొక్కి చూడమంటే చతురస్రం పక్కకి ఒరిగిపోతుంది, త్రిభుజం కదలదు. కరెంటు టవర్ల నిండా, రేకుల షెడ్డు కప్పు కింద అన్ని త్రిభుజాలు ఎందుకున్నాయో పిల్లలే చెబుతారు. ట్యూబు ముక్కకి తుమ్మముల్లుతో పక్కన రంధ్రం పొడిచి మూడో పుల్ల కూడా దూరిస్తే ఇక గోపురాలే, ఇళ్లే. గుంపు గంటసేపు కదలదు. పాఠ్యపుస్తకంలో చదునుగా పడుకున్న ఘనం చేతిలో లేచి నిలబడుతుంది.

చదవడం వచ్చిన గుంపుకి కథలు కావాలి. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో తెరిచిన 'స్టోరీవీవర్' ఇక్కడ నిజంగా అక్కరకొస్తుంది. కథలు నాలుగు స్థాయిల్లో ఉంటాయి. మొదటి స్థాయిలో పేజీకి ఒకటి రెండు చిన్న వాక్యాలే. తెలుగువి బోలెడు. దించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, వాక్యం నచ్చకపోతే మార్చుకోవచ్చు, అనువాదం చేసుకోవచ్చు. అన్నిటికీ అనుమతి ముందే ఇచ్చేశారు. కథలో సొరకాయ ఉంటే, ఆనపకాయ అనే ఊళ్లో ఆనపకాయ అని మార్చుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. ఇంట్లో గోండి మాట్లాడి బడిలో తెలుగు వినే పిల్లలున్న చోట ఈ సౌకర్యం విలువ ఇంకా ఎక్కువ. కథలు అచ్చుతీసి కుట్టిస్తే, అయిదో తరగతి అమ్మాయి రెండో తరగతి పిల్లాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించగలదు. చదివించుకున్నవాడికీ లాభమే, చదివిన అక్కకి అంతకన్నా లాభం.

ఇక్కడ ఒక హెచ్చరిక. అక్షరాలు నేర్పే సామగ్రి దించుకునేటప్పుడు అది ఇంగ్లిషు నుంచి వచ్చిందేమో చూసుకోవాలి. ఒక కాగితపు కిటికీలోంచి అక్షరాల పట్టీని జరుపుతూ కొత్త మాటలు చేసే ఉపకరణం ఇంగ్లిషుకి చక్కగా కుదురుతుంది. అక్కడ అక్షరాలు వరసలో పక్కపక్కన నిలబడతాయి. మన గుడి అక్షరం నెత్తికెక్కుతుంది, కొమ్ము పక్కన వేలాడుతుంది, వత్తు కింద కూర్చుంటుంది. 'క' పక్కన గుడి విడిగా పెడితే 'కి' అవదు కదా! తెలుగు పిల్లలకి 'కి' అంటే ఒక ముక్క. గుణింతంలో ప్రతి అక్షరానికీ విడి కార్డు రాసుకోవడం తప్ప దగ్గరదారి లేదు. పాతకాలపు ఫాంట్లతో చేసిన ఫైళ్లయితే మరీ అన్యాయం. వేరే కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాలకి బదులు పిచ్చిగీతలు వస్తాయి. అలాంటప్పుడు స్కెచ్ పెన్ను, పాత పెళ్లిపత్రికల అట్టలు నయం.

మరి అక్షరాల గుంపు సంగతి? టీచరు కూర్చున్నది వాళ్ల దగ్గరే. అక్కడ ఏ యాప్ కన్నా న్యూజిలాండ్ టీచరు సిల్వియా ఆష్టన్-వార్నర్ దారే మేలు. మావోరీ పిల్లలకి చదువు చెబుతూ ఆమె ఒక సంగతి గమనించింది. పుస్తకంలోని పరాయి మాటలు తలకెక్కని పిల్లలు, తమకి కావాల్సిన మాటను ఒక్కసారి చూస్తే మర్చిపోరు. అందుకని రోజూ ఒక్కొక్కరినీ పిలిచి 'నీకేం మాట కావాలి?' అని అడిగి అట్టముక్క మీద రాసిచ్చేది. ఎక్కువమంది అడిగిన మాటల్లో 'దెయ్యం' ఒకటి! 1963లో వచ్చిన తన పుస్తకంలో ఇదంతా రాసింది. మన పల్లెలో ఏం అడుగుతారు? మేకపిల్ల అనొచ్చు, బిర్యానీ అనొచ్చు, ఊరెళ్లిన నాన్న అనొచ్చు. ఏది అడిగితే అదే రాసివ్వాలి. వత్తులున్నాయి, ఇప్పుడే వద్దు అనకూడదు.

ఆ మాటలు పది పోగయ్యాక పుస్తకం చేయొచ్చు. ఏ4 కాగితాన్ని మూడుసార్లు సగానికి మడిస్తే ఎనిమిది గళ్లు వస్తాయి. విప్పి, అడ్డంగా ఒక్కసారి మడిచి, మడత వైపు నుంచి నడిమి గీత మీద సగందాకా కత్తిరించాలి. మళ్లీ విప్పి నిలువుగా మడిచి, రెండు చివర్లూ పట్టుకుని లోపలికి నెడితే జిగురూ పిన్నూ లేని ఎనిమిది పేజీల బుజ్జి పుస్తకం. పేజీకో బొమ్మ, బొమ్మ కింద ఆ పిల్లాడు చెప్పిన వాక్యం. అట్టమీద రచయిత పేరు.

ఒక గదిలో ఎవరి పని వాళ్లు చేసుకునే ఈ పద్ధతి ఇంటర్నెట్ కనిపెట్టిందేమీ కాదు. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం వాళ్లు, సెల్‌ఫోన్ లేని రోజుల్లోనే, చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న బళ్ల కోసం పాఠ్యపుస్తకాన్ని కార్డులుగా విడగొట్టారు. గోడమీద నిచ్చెన బొమ్మ. ప్రతి మెట్టుకీ ఒక గుర్తు, ఆ గుర్తున్న కార్డు అరలో. పిల్లాడు తన మెట్టు చూసుకుని తన కార్డు తనే తెచ్చుకుంటాడు. కొత్త సంగతి నేర్చుకునేవాళ్లు టీచరు దగ్గర, సాధన చేసేవాళ్లు తోటివాళ్లతో, బాగా వచ్చినవాళ్లు సొంతంగా. వేరుశనగ పీకే రోజుల్లో పది రోజులు బడి మానేసినవాడు తిరిగొచ్చి, ఆగిన మెట్టు దగ్గరే మొదలుపెడతాడు. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోటెలో మొదలైన 'నలి-కలి'కి, 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బళ్లలో వచ్చిన మార్పుకి బీజం ఇక్కడిదే. తర్వాత తమిళనాడు దాన్ని రాష్ట్రమంతటికీ తీసుకెళ్లింది. ఇంట్లో పుట్టిన బిడ్డకి పొరుగింట్లో పేరొచ్చినట్టయింది.

ఆ కార్డులతో ఒక చిక్కుంది. ఒక కార్డు పోతే నిచ్చెనలో ఒక మెట్టు విరిగినట్టే. అందుకే ఏది తయారుచేసినా రెండేసి చేసుకోవడం మంచిది. ఫోన్‌లో దించుకున్న కథల్ని మెమొరీ కార్డులో ఇంకో కాపీ పెట్టుకోవాలి. ఎండాకాలం సెలవులకి ముందు గింజలు, పుల్లలు, అట్టముక్కలు, బుజ్జి పుస్తకాలు అన్నీ రేకు డబ్బాలో పెట్టి మూత బిగించాలి. అట్టపెట్టెలో వదిలేస్తే బడి తెరిచేనాటికి వాటిని చెదలు చదివేస్తాయి.